1,190 ఆర్‌పీఎం దగ్గర వణికిన ప్లాట్‌ఫాం: ఒక ఐడీ ఫ్యాన్ కేస్ స్టడీ

ఏళ్ల తరబడి ఏ పేచీ పెట్టని ఐడీ ఫ్యాన్ (ఇండ్యూస్డ్ డ్రాఫ్ట్, అంటే గాలిని లాగే ఫ్యాన్) అది. 160 కిలోవాట్ల నాలుగు పోల్స్ మోటారు, కప్లింగ్‌తో నేరుగా ఫ్యాన్ షాఫ్ట్‌కి. పూర్తి వేగం 1,485 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి అన్ని చుట్లు. మోటారు, ఫ్యాన్ రెండూ ఒకే బేస్ ఫ్రేమ్ మీద ఉన్నాయి. ఆ ఫ్రేమ్ ఆరు మీటర్ల ఎత్తున్న స్టీల్ ప్లాట్‌ఫాం మీద ఉంది. నాలుగు స్తంభాలు, వాటి మధ్య షాఫ్ట్‌కి సమాంతరంగా రెండు ప్రధాన బీములు, వాటిని కలుపుతూ అడ్డ బీములు. చూడ్డానికి దిట్టంగానే కనిపించే కట్టడం.

గాలి తగ్గించాలంటే అంతకుముందు డాంపర్ (గాలి దారికి అడ్డుపెట్టే తలుపు) మూసేవారు. కరెంటు ఆదా కోసం వీఎఫ్‌డీ (కరెంటు ఫ్రీక్వెన్సీ మార్చి మోటారు వేగాన్ని మార్చే పరికరం) పెట్టారు. డాంపర్ బార్లా తెరిచి వేగాన్నే తగ్గించడం మొదలైంది. ఫ్యాన్‌కి కావలసిన శక్తి వేగం ఘనాన్ని బట్టి మారుతుంది కాబట్టి 80 శాతం వేగానికి సగం శక్తి చాలు. లెక్క ప్రకారం ఆదా వచ్చింది. మూడు వారాలకి ఫ్యాన్ వైపు బేరింగ్ పోయింది. కొత్తది వేశారు, అదీ ఎక్కువ రోజులు నిలవలేదు. బేస్ ఫ్రేమ్ స్టిఫెనర్ వెల్డు దగ్గర వెంట్రుక మందం పగులు కనిపించాక నన్ను పిలిచారు.

నేను వెళ్లేసరికి ఇంపెల్లర్‌ని, అంటే ఫ్యాన్‌లో తిరిగే చక్రాన్ని, మూడుసార్లు బ్యాలెన్స్ చేశారు. మూడుసార్లూ ఒకటే కథ: ట్రయల్ వెయిట్ పెట్టి, లెక్క కట్టి, చెప్పిన కోణంలో వెయిట్ వెల్డ్ చేస్తే వణుకు కాస్త తగ్గుతుంది. మర్నాడు చూస్తే మళ్లీ మొదటికి వస్తుంది. బ్యాలెన్సింగ్ చేసిన కుర్రాడు తలపట్టుకున్నాడు. "సార్, ఫేజ్ నిలబడట్లేదు. ఒకసారి అరవై డిగ్రీలు చూపిస్తే పది నిమిషాలకి వంద దాటుతోంది" అన్నాడు. నాకు కావలసిన మాట అదే. నా పరికరాలు ఇంకా పెట్టెలోంచి తీయనే లేదు.

ఫేజ్ అంటే తోసే బలానికీ కదలికకీ మధ్య కోణం. అది ఎందుకు నిలబడదు? యంత్రం వేగం కట్టడం సహజ పౌనఃపున్యానికి (తట్టి వదిలితే తనంతట తాను ఊగే ఫ్రీక్వెన్సీకి) బాగా దిగువన ఉంటే బలం, కదలిక కలిసి నడుస్తాయి. బాగా ఎగువకి వెళ్తే ఒకటి ఇటు, ఒకటి అటు, అంటే 180 డిగ్రీల తేడా. ఈ మార్పంతా అనునాదం (రెసొనెన్స్, ఆ రెండూ కలిసే చోటు) చుట్టూ ఉన్న ఇరుకు సందులోనే జరిగిపోతుంది. స్టీల్ కట్టడాల్లో డాంపింగ్, అంటే ఊపుని అణచే గుణం, చాలా తక్కువ. మేం తర్వాత కొలిస్తే ఇక్కడ 1.5 శాతమే ఉంది. అంత తక్కువ డాంపింగ్‌తో వేగం ఒక్క శాతం కిందికి జరిగితే ఫేజ్ 56 డిగ్రీలు, ఒక్క శాతం పైకి జరిగితే 124. అంటే 1,188 ఆర్‌పీఎంకి అటు పన్నెండు, ఇటు పన్నెండు చుట్లు మారితే చాలు, కోణం 68 డిగ్రీలు తిరిగిపోతుంది. ఆ పరిస్థితిలో బ్యాలెన్సింగ్ చేయడమంటే ఊగే తక్కెడలో తూకం వేయడమే. లోపం కుర్రాడిది కాదు, అతన్ని నిలబెట్టిన వేగానిది.

మొదటి రోజు కొలతలు

ఫ్యాన్ వైపు బేరింగ్ మీద మూడు దిక్కుల్లో సెన్సర్లు, షాఫ్ట్ మీద వేగం కొలిచే టేకో పెట్టి, వీఎఫ్‌డీతో వేగాన్ని 600 నుంచి 1,485 దాకా చాలా నెమ్మదిగా, సెకనుకి ఒక ఆర్‌పీఎం చొప్పున పెంచాం. తొందరగా పెంచితే కట్టడం పూర్తిగా స్పందించే లోపే వేగం దాటిపోతుంది, శిఖరం అసలు ఎత్తులో కనిపించదు. పాత రోజుల్లో ఈ జబ్బు ఎవరికీ తెలియకపోవడానికి కారణం కూడా అదే. నేరుగా స్టార్ట్ చేసినప్పుడు ఫ్యాన్ ఆ వేగాన్ని రెప్పపాటులో దాటేసేది. స్టార్టింగ్‌లో ఒకసారి, ఆపేటప్పుడు ఒకసారి "గుర్రు"మని ఊరుకునేది. దాటిపోవలసిన చోట వీఎఫ్‌డీ వచ్చి కాపురం పెట్టించింది.

1,188 ఆర్‌పీఎం దగ్గర, అంటే 19.8 హెర్ట్జ్ దగ్గర, అడ్డ దిశలో, అంటే షాఫ్ట్‌కి అడ్డంగా పక్కకి, సెకనుకి 18.6 మిల్లీమీటర్లు ఆర్‌ఎంఎస్ (ఊగే వేగానికి ఒక రకం సగటు) వచ్చింది. అదే చోట నిలువు దిశలో 3.1 మాత్రమే. 1,485 దగ్గర అడ్డ దిశలో 2.1. యంత్రాల వణుకు హద్దులు చెప్పే ఐఎస్ఓ 10816-3 (2022 నుంచి దాని స్థానంలో 20816-3) ప్రకారం ఈ పరిమాణం యంత్రం ఫ్లెక్సిబుల్ ఆధారం మీద ఉంటే 7.1 దాటితే డీ జోన్, అంటే నడపకూడదు. 18.6 గురించి ఇక చెప్పేదేముంది. కదలికగా మార్చి చూస్తే ఇటు అంచు నుంచి అటు అంచుకి 0.42 మిల్లీమీటర్లు. కంటికి ఆనదు గానీ రెయిలింగ్ పట్టుకుంటే చేయి జివ్వుమంటుంది. సెకనుకి దాదాపు ఇరవై సార్లు అంటే రోజుకి 17 లక్షల సార్లు వంగి లేవడం. వెల్డు పగలడంలో ఆశ్చర్యం లేదు.

స్పెక్ట్రంలో (వణుకుని ఫ్రీక్వెన్సీల వారీగా చూపే గ్రాఫులో) దాదాపు అంతా ఒకే గీత, తిరిగే వేగం దగ్గర. చాలామంది దీన్ని చూడగానే అన్‌బ్యాలెన్స్ అనేస్తారు. బలం అన్‌బ్యాలెన్స్‌దే, కాదనను. కానీ ఎంత బలం? కొలతల నుంచి వెనక్కి లెక్క కట్టాను. కదిలే ద్రవ్యరాశి 4.2 టన్నులు, 19.8 హెర్ట్జ్. దాన్ని బట్టి అడ్డ దిశలో గట్టిదనం మిల్లీమీటరుకి 65 కిలోన్యూటన్లు. డాంపింగ్ 1.5 శాతమైతే పెంపు 33 రెట్లు. ఈ మూడూ కలిపితే తిరిగే బలం 416 న్యూటన్లు, అంటే 42 కిలోల బరువు పాటి. 680 కిలోల రోటార్‌కి అది ఫ్యాన్లకి మామూలుగా ఒప్పుకునే జీ6.3 బ్యాలెన్స్ తరగతి లోపలే ఉంది. రోటార్ తప్పు చేయలేదు. 42 కిలోల తోపుని కట్టడం 33 రెట్లు చేసి దాదాపు 1,400 కిలోల తోపుకి సమానంగా ఊగుతోంది.

ఇంకో లెక్క సరదాకి చేశాను. బలాన్ని వేగంతో గుణించి సగటు తీస్తే ఈ వణుకుని నిలబెట్టడానికి ఖర్చవుతున్న శక్తి ఐదారు వాట్లు. 160 కిలోవాట్ల మోటారు పక్కన ఒక బెడ్ లైటు పాటి శక్తి ఆరు మీటర్ల కట్టడాన్ని పగలగొడుతోంది. 1902లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఆర్నాల్డ్ సోమర్‌ఫెల్డ్ ఊగే బల్ల మీద మోటారు పెట్టి చేసిన ప్రయోగం దీనికి తిరగేసిన కథ. అక్కడ మోటారు చిన్నది, కాబట్టి కరెంటు పెంచినా వేగం పెరగక ఆ శక్తంతా బల్లని ఊపడానికే పోయింది. మన మోటారు పెద్దది కావడంతో వేగం ఎక్కడా చిక్కుకోదు, మీటర్లో ఏ తేడా కనిపించదు. చేయి పెట్టి చూసేవాడికే తెలుస్తుంది.

ఫ్యాన్ ఆపి బంప్ టెస్ట్ చేశాం. మెత్తని ముఖం ఉన్న బరువైన సుత్తితో బేరింగ్ పెడెస్టల్ మీద ఒక్కో దిశలో కొట్టి, కట్టడం ఏ ఫ్రీక్వెన్సీలో మోగుతుందో చూడటమే ఆ పరీక్ష. పక్క ప్లాట్‌ఫాం మీద ఇంకో ఫ్యాన్ నడుస్తోంది, దాని 16 హెర్ట్జ్ మా స్పెక్ట్రంలోకి చొరబడుతోంది. పది నిమిషాలు దాన్ని ఆపించడానికి అరగంట బతిమాలాల్సి వచ్చింది. ఆ అరగంట వృథా కాదు. పక్క యంత్రం గీతని సహజ పౌనఃపున్యం అనుకుని రిపోర్టులు రాసినవాళ్లని చూశాను. ఆగాక వచ్చిన అంకెలు: అడ్డ దిశలో 19.8, నిలువు 32, షాఫ్ట్ దిశలో 27 హెర్ట్జ్. అడ్డ దిశ శిఖరం వెడల్పు, శిఖరంలో 70 శాతం ఎత్తు దగ్గర కొలిస్తే, 0.6 హెర్ట్జ్. డాంపింగ్ 1.5 శాతం అని తేలింది ఇక్కడే.

నా పొరపాటు

జబ్బు తెలిసింది, మందు రాయాలి. ఆరు మీటర్ల స్తంభాలు, అడ్డంగా ఊగుతున్న యంత్రం. "స్తంభాలు ఊగుతున్నాయి" అని నా బుర్ర వెంటనే తీర్మానించేసింది. అడ్డ దిశలో స్తంభాలకి, అడ్డ బీములకి మధ్య మూలల్లో ఏటవాలు కడ్డీలు (knee bracing) వేయమన్నాను. రెండు రోజుల షట్‌డౌన్ తీసుకుని పని శుభ్రంగా చేశారు. మళ్లీ బంప్ టెస్ట్ చేస్తే 20.3 హెర్ట్జ్.

అర హెర్ట్జ్ పెరిగింది. శిఖరం 1,188 నుంచి 1,218కి జరిగింది. ప్రాసెస్ వాళ్లు ఎక్కువ గంటలు నడిపే వేగం సరిగ్గా 1,220. అంటే నా సలహాతో అనునాదాన్ని తీసుకెళ్లి వాళ్ల రోజువారీ వేగం మీద కూర్చోబెట్టాను. బేరింగ్ దగ్గర 19.4 వచ్చింది. ఆ సాయంత్రం షిఫ్ట్ ఇన్‌చార్జి నన్ను ఏమీ అనలేదు, టీ ఇచ్చి ఊరుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

రాత్రి మొదటి రోజు నోట్‌బుక్ తిరగేశాను. అలవాటు కొద్దీ స్తంభం తల మీద ఒక కొలత తీసి ఉన్నాను: 1.1. బేరింగ్ దగ్గర 18.6, స్తంభం తల దగ్గర 1.1. మొత్తం కదలికలో స్తంభం వాటా ఆరు శాతమే. ఆ అంకె నా చేతిరాతలోనే ఉంది, దాని కింద గీత కూడా గీసుకున్నాను. చూశాను గానీ చదవలేదు.

బేరింగ్ నుంచి నేల దాకా ఉన్న దారిని ఒకదాని మీద ఒకటి పేర్చిన స్ప్రింగులుగా ఊహించండి: పెడెస్టల్, బేస్ ఫ్రేమ్, బీము, స్తంభం, పునాది. ఒకే తోపు అన్నిటి గుండా పోతుంది, ఒక్కోటీ తన మెత్తదనం కొద్దీ వంగుతుంది. మొత్తం మెత్తదనం 100 అనుకుంటే స్తంభం వాటా 6. దాన్ని రాయిలా బిగించేసినా మిగిలేది 94. ఫ్రీక్వెన్సీ మెత్తదనం వర్గమూలానికి విలోమంగా మారుతుంది కాబట్టి 19.8 కాస్తా 20.4 అవుతుంది, అంతకు మించి పైసా కూడా పెరగదు. మాకు వచ్చింది 20.3. బ్రేసింగ్ తన పని తాను నిక్కచ్చిగా చేసింది, ఆ పని అవసరం లేని చోట.

ఎక్కడ వంగుతోంది

రెండోసారి వెళ్లినప్పుడు ముందు వీఎఫ్‌డీలో స్కిప్ బ్యాండ్ పెట్టించాను. 1,120 నుంచి 1,310 మధ్య వేగాల్లో యంత్రం నిలవకుండా గబగబా దాటేయాలి. ఈ అంకెలు ఊరికే పెట్టినవి కావు. బేరింగ్ దగ్గర వణుకు 4.5 దాటకూడదంటే పెంపు ఎనిమిది రెట్ల లోపు ఉండాలి, అందుకు శిఖరం నుంచి ఏడు శాతం అయినా దూరం జరగాలి. కొంచెం వదులు కలిపి ఆ హద్దులు పెట్టాను. ఇక్కడ జాగ్రత్త పడాల్సిన విషయం ఒకటుంది. వీఎఫ్‌డీ పారామీటర్ అడిగేది మోటారుకి ఇచ్చే కరెంటు ఫ్రీక్వెన్సీ, షాఫ్ట్ తిరిగే ఫ్రీక్వెన్సీ కాదు. నాలుగు పోల్స్ మోటారుకి అది రెట్టింపు ఉంటుంది. నా రిపోర్టులో 20.3 హెర్ట్జ్ అని ఉంది కదా అని ఎలక్ట్రీషియన్ 20.3 దగ్గర స్కిప్ పెట్టబోయాడు. పెట్టాల్సింది సుమారు 37 నుంచి 44 మధ్య. అప్పటినుంచి రిపోర్టుల్లో ఆర్‌పీఎం, షాఫ్ట్ హెర్ట్జ్, వీఎఫ్‌డీ హెర్ట్జ్ మూడూ పక్కపక్కన రాస్తున్నాను.

స్కిప్ బ్యాండ్ శాశ్వత పరిష్కారం అవుతుందా అని అడిగారు. ఆ వేగాలు అక్కరలేని చోట అంతకన్నా చవకైన మందు లేదు. ఇక్కడ వాళ్లకి కావలసిన వేగం సరిగ్గా మధ్యలో పడింది. కాబట్టి అది కట్టుకట్టడం వరకే.

తర్వాత ఒక రోజంతా ఓడీఎస్ కొలతలకి, అంటే యంత్రం నడుస్తుండగా కట్టడం ఏ రూపంలో వంగుతోందో చూడటానికి, కేటాయించాం. బేరింగ్ మీద ఒక సెన్సర్ని కదపకుండా ఉంచి, రెండోదాన్ని పట్టుకుని కట్టడం అంతా తిరిగాం. ప్రతి చోటా కదలిక ఎంత, బేరింగుతో పోలిస్తే ఫేజ్ ఎంత అని రాసుకున్నాం. 46 చోట్లు, ఒక్కో చోట కనీసం అడ్డ, నిలువు దిశలు. విసుగు పుట్టించే పని. కొంతమందికి దీన్ని కంప్యూటర్లో బొమ్మగా చేసి ఆడిస్తే తప్ప నమ్మకం కుదరదు. నాకైతే ప్లాన్ డ్రాయింగ్ మీద పెన్సిల్‌తో రాసిన అంకెలే ఎక్కువ చెప్పాయి. స్తంభం తల 0.2. బీము మీద స్తంభం నుంచి ఒక మీటరు లోపలికి వస్తే 6. బీము మధ్యలో 14.1. రెండో బీము మధ్యలో దాదాపు అంతే, అదే ఫేజ్. బేస్ ఫ్రేమ్ కింద, పైన కొలతలు కలిసిపోతున్నాయి కాబట్టి బోల్టులు వదులు కాలేదు. అక్కడి నుంచి బేరింగ్ దాకా మిగతా ఐదు చిల్లర.

రెండు ప్రధాన బీములూ జంటగా, పక్కకి, విల్లులా వంగుతున్నాయి. కిందికి పైకి కాదు. ఐ బీము నిలువుగా ఎంత గట్టిదో పక్కకి అంత మెత్తన, పడుకోబెట్టిన స్కేలుకీ నిలబెట్టిన స్కేలుకీ ఉన్న తేడా అది.

డిజైన్ లెక్కల కాగితాలు తెప్పించి చూశాను. అడ్డ దిశ సహజ పౌనఃపున్యం 34 హెర్ట్జ్ అని ఉంది. పూర్తి వేగం 1,485 ఆర్‌పీఎం అంటే 24.75 హెర్ట్జ్, దానికి అది 1.37 రెట్లు. యంత్రాల పునాదుల మీద జర్మన్ డీఐఎన్ 4024 లాంటి ప్రమాణాలు యంత్రం ఫ్రీక్వెన్సీకి 0.8 రెట్ల లోపైనా, 1.25 రెట్ల పైనైనా ఉండమంటాయి, కాబట్టి కాగితం మీద అంతా భద్రం. డిజైనర్ ఏ తప్పూ చేయలేదు. ఆయన డ్రాయింగ్‌లో ప్లాట్‌ఫాం తలం మీద ఆరు మిల్లీమీటర్ల చెకర్డ్ ప్లేట్, బీములకి వరసగా వెల్డ్ చేసి ఉంది. అలా వెల్డ్ చేసిన రేకు బీములని పక్కకి వంగనివ్వదు, తలమంతా ఒకే పలకలా పనిచేస్తుంది. సైట్లో ఉన్నది గ్రేటింగ్. నీళ్లు నిలవకుండా, దుమ్ము కిందికి రాలేలా మార్చుకున్నారు. క్లిప్పులతో బిగించిన గ్రేటింగ్ మనుషుల బరువు మోస్తుంది, అడ్డ గట్టిదనం ఇవ్వదు. ఆ మార్పు కాగితం ఎవరి సంతకంతో వెళ్లిందో గానీ, సంతకం పెట్టినవాళ్లకి అది నడిచే దారి, లెక్క కట్టినవాడికి అది గోడ. యంత్రాల ప్లాట్‌ఫాంల్లో గ్రేటింగ్ కనిపిస్తే ఇప్పుడు నేను ముందు కింద దూరి చూస్తాను, ప్లాన్ బ్రేసింగ్ (బీముల మధ్య తలంలో ఏటవాలు కడ్డీలు) ఉందా లేదా అని.

ఎంత గట్టిపరచాలి

లక్ష్యం 24.75కి 1.25 రెట్లు, 30.9 హెర్ట్జ్. ఇప్పుడున్న 20.3 నుంచి అక్కడికి చేరాలంటే మొత్తం గట్టిదనం 2.3 రెట్లు కావాలి. బీము మాత్రమే మార్చగలం. పాత లెక్కలో మెత్తదనం 100: బీముల పక్క వంపు 68, బేస్ ఫ్రేమూ పెడెస్టలూ కలిపి 26, స్తంభం ఇప్పుడు 1. 30.9 రావాలంటే మొత్తం 41కి తగ్గాలి. బీముకి మిగిలే కోటా 14. అంటే బీముల పక్క గట్టిదనం దాదాపు ఐదు రెట్లు పెరగాలి. అదే బీము ఫ్లాంజికి (పై, కింది అడ్డ రేకులకి) ప్లేట్లు అతికించి ఐదు రెట్లు తేవాలంటే టన్నులకొద్దీ స్టీలు కావాలి, ఆ స్టీలు బరువు మళ్లీ ఫ్రీక్వెన్సీని కిందికి లాగుతుంది. రెండు బీముల మధ్య తలంలో ఏటవాలు కడ్డీలు వేస్తే రెండూ కలిసి అడ్డంగా పడుకున్న ఒక ట్రస్ అవుతాయి. అప్పుడు ఐదు రెట్లు పెద్ద మాట కాదు.

వేరే దారులు కూడా బేరీజు వేశాం. స్ప్రింగ్ ఐసొలేటర్లు, బరువైన కాంక్రీట్ బ్లాకుతో కలిపి, మంచి పరిష్కారమే. ఫ్యాన్ మొత్తం లేపాలి, డక్టుల జాయింట్లు మార్చాలి, ప్లాట్‌ఫాం ఆ బరువు మోయదు. ట్యూన్డ్ మాస్ డాంపర్ (వణుకుని తన మీదికి తీసుకునేలా స్ప్రింగు మీద పెట్టే బరువు) ఒకే వేగంతో నడిచే యంత్రానికి నప్పుతుంది. వేగం మారే చోట ఒక శిఖరాన్ని రెండుగా చీల్చి అటొకటి ఇటొకటి పెడుతుంది, దాని డాంపింగ్ చాలా జాగ్రత్తగా కుదర్చాలి. బరువు పెంచి కిందికి దించుదామంటే కనిష్ఠ వేగం 10 హెర్ట్జ్ కన్నా కిందికి పోవాలి, ఆరేడు రెట్ల బరువు కావాలి. ఆ ఆలోచన నిమిషం కూడా బతకలేదు.

ఈసారి వెల్డింగ్‌కి ముందే పరీక్ష పెట్టుకున్నాను. ఫ్యాన్ ఆపి, బీముల కింద స్కాఫోల్డింగ్ పైపులు ఏటవాలుగా క్లాంపులతో బిగించి బంప్ టెస్ట్ చేశాం. క్లాంపులు పెద్ద బలానికి జారతాయి, సుత్తి దెబ్బకి జారవు. 20.3 కాస్తా 24.6కి ఎగిరింది. సరైన చోట పట్టుకున్నామని రూఢి అయింది. కానీ 24.6 అంటే? 1,476 ఆర్‌పీఎం. పూర్తి వేగం నెత్తిన. అక్కడ అన్‌బ్యాలెన్స్ బలం మొదటి 19.8 దగ్గరి కన్నా ఒకటిన్నర రెట్లు. "బాగుంది కదా సార్, ఈ పైపులతోనే ఒకసారి నడిపి చూద్దామా" అని ఒకాయన ఉత్సాహపడ్డారు. పైపులు విప్పేదాకా నేను స్టార్టర్ దగ్గర నుంచి కదల్లేదు. సగం గట్టిపరచడం ఏమీ చేయకపోవడం కన్నా ప్రమాదం అయ్యే సందర్భాలు ఇలాంటివే.

అసలు బ్రేసింగ్‌కి మొదట 75 యాంగిల్ అనుకున్నాం, స్టోర్లో ఉంది కాబట్టి. 2.4 మీటర్ల పొడవున్న 75×75×8 యాంగిల్‌కి, చివర్లు వదులుగా ఉన్నాయనుకుంటే, తన బలహీన అక్షం మీద సొంత ఫ్రీక్వెన్సీ 20 హెర్ట్జ్ దగ్గర. బీములని వణక్కుండా ఆపడానికి వేసిన కడ్డీ తనే వణికిపోయేది. అదే కొలతల చదరపు గొట్టం, ఐదు మిల్లీమీటర్ల మందం, 39 దాకా వెళ్తుంది, చివర్లు వెల్డ్ చేస్తే ఇంకా పైకి. గొట్టమే వేశాం. మొత్తం స్టీలు 250 కిలోల లోపు.

అతుకులు ఎక్కడ వీలైతే అక్కడ వెల్డింగ్, కాని చోట హై స్ట్రెంగ్త్ ఫ్రిక్షన్ గ్రిప్ బోల్టులు, సరైన టార్క్‌తో. వదులు రంధ్రంలో మామూలు బోల్టు వేస్తే మైక్రాన్ల కదలికకి ఆ బ్రేసింగ్ లేనట్టే. బేస్ ఫ్రేమ్ బోల్టుల కింద బీము వెబ్‌కి (నడిమి నిలువు రేకుకి) రెండు వైపులా నిలువు స్టిఫెనర్లు వేశాం, పై ఫ్లాంజి మెలి తిరగకుండా. పగిలిన వెల్డుని గ్రైండ్ చేసి తీసేసి కొత్తగా వేయించాం.

ఫలితం

లెక్కల కోసం కట్టిన మోడల్ 33 హెర్ట్జ్ వస్తుందని చెప్పింది. బంప్ టెస్ట్‌లో 31.6. అతుకులు ఎప్పుడూ మోడల్ కన్నా మెత్తగానే ఉంటాయి, ఆ తేడా నాకు నచ్చింది. సరిగ్గా 33 వచ్చి ఉంటే సెన్సర్ని అనుమానించేవాణ్ణి. 24.75కి 1.28 రెట్లు. నిలువు దిశ 32 నుంచి 31.5కి వచ్చింది, చేర్చిన బరువు వల్ల.

మళ్లీ 600 నుంచి 1,485 దాకా నెమ్మదిగా పెంచాం. 1,220 దగ్గర 0.9. పూర్తి వేగంలో 1.5. ఇక్కడ ప్రమాణంలో ఒక మెలిక ఉంది. కొలిచే దిశలో కట్టడం కనిష్ఠ ఫ్రీక్వెన్సీ యంత్రం ఫ్రీక్వెన్సీ కన్నా 25 శాతం పైన ఉంటే ఆ దిశలో ఆధారం రిజిడ్ అని లెక్క. అప్పుడు హద్దులు బిగుస్తాయి: 4.5 వరకు నడపొచ్చన్నది 2.8 అవుతుంది. అదే యంత్రం, అదే ప్లాట్‌ఫాం, నిలువు దిశలో ముందునుంచీ రిజిడ్, అడ్డ దిశలో ఫ్లెక్సిబుల్‌గా ఉండేది, ఇప్పుడు రెండు దిశల్లోనూ రిజిడ్. 1.5 కొత్త హద్దు లోపలే ఉంది. రిపోర్టులో పాత హద్దులు వదిలేస్తే రేపు వణుకు 4 అయినా ఎవరూ కంగారు పడరు, అందుకని అలారం అంకె కూడా మార్పించాను.

950 ఆర్‌పీఎం దగ్గర చిన్న గుట్ట కనిపించింది, 1.9. తిరిగే వేగానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీ, కప్లింగ్ అలైన్‌మెంట్ వల్ల కాస్త ఉండేది, అక్కడ 31.6ని తాకుతోంది. పాత కొలతలు తిరగేస్తే 600 దాటగానే అలాంటి గుట్టే ఉంది, పెద్ద శిఖరం నీడలో ఎవరం పట్టించుకోలేదు. అలైన్‌మెంట్ సరిచేశాక 1.2కి దిగింది. స్కిప్ బ్యాండ్ తీసేశాం. రోటార్‌ని 1,000 ఆర్‌పీఎం దగ్గర ఒకసారి బ్యాలెన్స్ చేస్తే ఫేజ్ కదలకుండా నిలబడింది. మొదట్లో తలపట్టుకున్న కుర్రాడే చేశాడు, ఒక్క వెయిట్‌తో పూర్తయింది.

అంతా అయ్యాక షిఫ్ట్ ఇన్‌చార్జి ప్లాట్‌ఫాం ఎక్కి, మీటర్ వైపు చూడకుండా రెయిలింగ్ పట్టుకున్నాడు. "ఇంకా వణుకుతోంది సార్" అన్నాడు. నిజమే, జివ్వుమంటోంది. రెండు స్తంభాల మధ్య ఆ పొడుగు రెయిలింగ్ ముక్కకి సొంత ఫ్రీక్వెన్సీ 22 హెర్ట్జ్, 1,320 దగ్గర అది తన పాట తాను పాడుకుంటోంది. యంత్రానికి దానివల్ల ఏమీ కాదు. కానీ ఆయనకి ఇన్నాళ్లూ వణుకు మీటర్ అదే, దాన్ని నమ్మించకుండా నేను ఇంటికి పోలేను. మధ్యలో ఒక పోస్టు వెల్డ్ చేయించాను. మళ్లీ పట్టుకుని చూసి, తలూపి దిగిపోయాడు.

ఆరు నెలలకి మళ్లీ బంప్ టెస్ట్ చేయమన్నాను, పది నిమిషాల పని. 31.6 ఉన్నది 30.7 వచ్చింది. వణుకు అంకెలు అప్పటికి ఏమీ మారలేదు, అలారం దరిదాపుల్లో కూడా లేవు. బ్రేసింగ్ బోల్టులు ఒక్కొక్కటీ టార్క్ రెంచ్‌తో చూస్తే ఒక మూల నాలుగు వదులయ్యాయి. బిగించాక 31.5. ఆ పరీక్ష ఇప్పుడు వాళ్ల వార్షిక షట్‌డౌన్ జాబితాలో ఉంది, కంట్రోల్ ప్యానెల్ తలుపు లోపల అతికించిన కాగితం మీద మూడు తేదీలు, మూడు అంకెలు రాసి ఉన్నాయి.